ఆట ఆగకూడదు!

మా ఇంట్లో ‘ఆట’ అనే మాటకి రెండర్థాలు. నాన్నకి ఆట అంటే మాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. నాకు ఆట అంటే రెండు చేతుల్లో పట్టుకుని ఆడే వీడియో గేమ్. ఈ రెండు ఆటలూ గుంటూరులో ఒక ఆస్పత్రి మంచం దగ్గర ఎలా కలిశాయో, కలిసేలోపు నా డబ్బు ఎంత తగలడిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా చదివితే మీ జేబులో ఓ రెండు వేలయినా మిగుల్తాయని నా హామీ!

ముందుగా నాన్న గురించి. ఆయన తెనాలిలో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. 1977లో అసిస్టెంటుగా చేరి, 2011లో డిజిటల్ వచ్చి రీళ్ళు మూలపడేదాకా అదే క్యాబిన్లో ఉన్నారు. తెరమీద హీరోని చూసి మీరు ఈలలు వేస్తారు. ఆ హీరో తెరమీదికి రావడానికి వెనకాల చెమటలు కక్కిన మనిషి మా నాన్న. ఆయనకో గుడ్డసంచి ఉండేది. అందులో కార్బన్ కడ్డీలు, తెగిన ఫిల్ము అతికించే సిమెంట్ సీసా, బ్లేడు, ఓ బెల్టు, ఫ్యూజు తీగ, సౌండుకి కావలసిన ఎక్సైటర్ బల్బు. అంతే! చిన్నప్పుడు ఆ సంచిలో చెయ్యి పెడితే నా వేళ్ళమీద ఒక్కటిచ్చి, “ఇవి ఆడుకునే సామాన్లు కావురా, ఆట ఆడించే సామాన్లు” అనేవారు.

ఆ మాట అప్పట్లో చెవికెక్కలేదు. ముప్ఫై దాటాక, డబ్బు పోగొట్టుకున్నాక ఎక్కింది.

సీమసరుకు వచ్చిన వేళ

2022 సంక్రాంతికి మా పెదనాన్నగారబ్బాయి డాలస్ నుంచి వస్తూ తను వాడిన నింటెండో స్విచ్ నాకిచ్చాడు. 2017 మార్చి 3న మార్కెట్లోకొచ్చిన స్విచ్‌కి, 2019లో బ్యాటరీ మెరుగుపరిచి విడుదల చేసిన రకం అది. 6.2 అంగుళాల తెర, అటూ ఇటూ ఊడదీసుకోగలిగే రెండు చిన్న కంట్రోలర్లు. వాటిపేరు జాయ్‌కాన్లు. నేను బి.ఏ. పాసై పత్రికలకి వ్యాసాలు రాసుకునేవాణ్ణి. డబ్బు వచ్చినప్పుడే వస్తుంది, రానప్పుడు రాదు. అలాంటివాడి చేతికి ఉచితంగా ఇంత ఖరీదైన వస్తువు వస్తే ఏం చేస్తాడు? దానికి నగలు చేయిస్తాడు!

చేయించాను. మొదటి నగ, ఓ కరెంటు కన్వర్టరు. అమెరికాలో 120 వోల్టులు, మనకి 230. ఇక్కడి ప్లగ్గులో పెడితే పేలిపోతుందని ఎవడో భయపెట్టాడు. 1,200 రూపాయలు పోసి ఇటుకరాయంత బరువున్న పెట్టె తెచ్చాను. నాన్న కళ్ళద్దాలు పైకి తోసి, స్విచ్‌తో వచ్చిన చార్జరు తిరగేసి, “ఏరా, బి.ఏ. చదివావు కదా, దీనిమీద ఏం రాసుందో చదివావా?” అన్నారు. చూశాను. 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని చీమతలకాయంత అక్షరాల్లో రాసుంది! కావలసిందల్లా ఆ చదునుకాళ్ళ పిన్నుకి మన గోడకన్నంలో కుదిరే చిన్న ముక్క. అది వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో నలభై రూపాయలు.

రెండో నగ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల కోసం ఓ తోకముక్క. స్విచ్‌లో బ్లూటూత్ శబ్దం రాదని చదివాను. నిజమే, మొదట్లో రాదు. కానీ 2021 సెప్టెంబర్లో వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో వస్తోంది. నేను కొన్నది 2022లో! చదివింది పాత సంగతి, పోయింది కొత్త నోటు.

ఇక మూడోది పరాకాష్ఠ. ‘పధ్నాలుగు సామాన్ల సెట్టు’. జాయ్‌కాన్ పెట్టుకునే ప్లాస్టిక్ స్టీరింగులు రెండు, టెన్నిస్ బ్యాట్లు రెండు, ఓ కత్తి, రబ్బరు తొడుగులు, ఇంకా ఏవేవో... పుట్టినరోజు పండగ సామాన్లలా ఉన్నాయి. వారం తర్వాత ఆ స్టీరింగులు మా మేనకోడలి బొమ్మల కారుకి వెళ్ళాయి. కత్తి ఎక్కడుందో నాకిప్పటికీ తెలీదు.

ఇంతవరకూ ఇది హాస్య సన్నివేశం. ఇంటర్వెల్ తర్వాత కథ మారింది.

నాలుగు గంటల బొమ్మ

2023లో నాన్నకి రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. రక్తం గొట్టంలోంచి మిషన్లోకి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తుంది. ఎడమచేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఫిస్టులాకి రెండు సూదులు. ఆ చెయ్యి కదలకూడదు, మడవకూడదు. పోనీ నిద్రపోదామంటే పట్టదు.

నాలుగు గంటలంటే ఎంతో మీకు తెలుసు. ఇంటర్వెల్‌తో సహా పెద్ద బొమ్మ ఒకటి పూర్తయి, ఇంకా మిగుల్తుంది. ముప్ఫైనాలుగేళ్ళు వందలమందికి కాలక్షేపం చేయించిన మనిషి, సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నారు. మూడో వారం ఇంటికొస్తూ, “ఒరేయ్, ఇంక రానురా. ఆ పైకప్పు చూడలేకపోతున్నాను” అన్నారు. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మకి మాత్రం మేమిద్దరం చెప్పలేదు.

ఆ రాత్రి నా స్విచ్ బయటికి తీశాను. అందులో అన్నయ్య కొన్న ఆట ఒకటుంది, ‘క్లబ్‌హౌస్ గేమ్స్’ అని. 2020లో వచ్చింది. ప్రపంచం నలుమూలల ఆటలు యాభై ఒకటి ఒకేచోట. చదరంగం, లూడో, పేకలు. మొట్టమొదటి ఆట మంకాలా... అంటే మన వామనగుంటలకి చుట్టం. ఆరోది మనవాళ్ళు దాడి అని ఆడుకునేదే. నాన్న తెరమీద గుంటలు లెక్కపెట్టి, “ఏడుండాలి కదరా పక్కకి? ఆరే పెట్టాడేం, పిసినారి!” అన్నారు. తర్వాత, “మా అమ్మతో ఆడేవాణ్ణి” అన్నారు. వేలితో తాకి మొదటి గింజలు పంచారు.

డాక్టరుగార్నీ, డయాలసిస్ టెక్నీషియన్నీ అడిగి అనుమతి తీసుకున్నాం. అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. ఒక్క చెయ్యే పనిచేసే మనిషి పడుకుని నాలుగు గంటలు ఆడుకోవాలి. దానికి ఏం సామాను కావాలి? నా పధ్నాలుగు సామాన్ల సెట్టులో ఒక్కటంటే ఒక్కటి పనికిరాలేదు!

సంచిలోకి ఏమేం చేరాయంటే

మొదటిది స్టాండు. మా స్విచ్ వెనకాల ఓ కాలుంది గానీ, అది అగ్గిపుల్లకి అన్నలాంటిది. ఒకే వాలు, ముట్టుకుంటే పడిపోతుంది. (2021లో వచ్చిన ఓఎల్ఈడీ రకానికి వెనకభాగం మొత్తం వెడల్పుగా తెరుచుకునే మంచి కాలు పెట్టారు.) పైగా చార్జింగు కన్నం అడుగున ఉంది. బల్లమీద నిలబెడితే కన్నం మూసుకుపోతుంది. అంటే నిలబెట్టి ఆడుతూ చార్జింగు చెయ్యడం కుదరదు. కాబట్టి స్టాండు కొంటే మూడు చూడాలి. వాలు మార్చుకోవడానికి వీలుండాలి, అడుగున వైరు దూరే ఖాళీ ఉండాలి, బరువు ఆపాలి. జాయ్‌కాన్లు తీసేసినా స్విచ్ 297 గ్రాములు, తగిలిస్తే 398. ఫోన్ల కోసం చేసిన తేలిక స్టాండు వేలితో తాకగానే వెనక్కి పడుతుంది. మాది 350 రూపాయల ఇనప స్టాండు. మంచానికి అడ్డంగా వేసే బల్లమీద కుడిచేతివైపు పెట్టాం. ఇంకోమాట, స్విచ్ పైభాగంలో వేడిగాలి బయటికొచ్చే కన్నాలుంటాయి. స్టాండు కొక్కెంగానీ, మందపాటి తొడుగుగానీ వాటిని మూసెయ్యకూడదు. వాడటానికి తగిన వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలని కంపెనీవాళ్ళే చెప్పారు. మన మే నెల సంగతి వాళ్ళకి తెలిసినట్టు లేదు! ఎండలో కారులో వదిలెయ్యకండి.

రెండోది పవర్ బ్యాంకు. ఆస్పత్రి ప్లగ్గులు మిషన్ల కోసం. వాటి జోలికి పోకూడదు, అది మొదటి నియమం. మా రకం ఆటనిబట్టి నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు వస్తుందని లెక్క. కానీ ఇంటి దగ్గర బయల్దేరి తిరిగొచ్చేసరికి మాకు ఏడు గంటలు. బ్యాటరీ కూడా కొత్తదికాదు. స్విచ్ బ్యాటరీ 4,310 ఎంఏహెచ్. అలాంటప్పుడు 10,000 పవర్ బ్యాంకు రెండుసార్లకి పైనే నింపాలి కదా అంటారేమో. నింపదు! వోల్టేజి మార్చడంలో కొంత, వేడిలో కొంత పోతుంది. ఒకటిన్నరసార్లు వస్తే సంతోషించాలి. అంతకన్నా ముఖ్యం, దానిమీద ‘పవర్ డెలివరీ’ అనే మాటుందో లేదో చూసుకోవడం. పాత ఫోను చార్జరుతో ఆడుతూ నింపితే పైనుంచి పోసేదానికన్నా కిందనుంచి కారేది ఎక్కువ. విమానం ఎక్కేవాళ్ళకి ఇంకొకటి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వెయ్యకూడదు. మామూలుగా 100 వాట్‌అవర్ల లోపయితే పేచీ ఉండదు.

మూడోది చెవికి. మొదట వైరున్న ఇయర్‌ఫోన్ తీసుకెళ్ళాను. సిస్టర్ చూసి, “రక్తం గొట్టాల దగ్గర ఇంకో వైరు వద్దండీ, చిక్కుకుంటే ప్రమాదం” అంది. తల తిరిగిపోయింది నాకు. అంత చిన్న సంగతి తోచలేదే! అప్పట్నించి బ్లూటూత్ ఇయర్‌ఫోను, అదీ ఒక్క చెవికే. రెండో చెవి సిస్టర్ పిలుపు కోసం. చార్జింగు వైరుకి కూడా ఎల్ ఆకారంలో వంగిన పిన్నుది కొని, సూదుల్లేని కుడివైపునుంచే తీసుకొచ్చాం.

నాలుగోది తెరమీద అద్దం. ఓఎల్ఈడీ కాని స్విచ్‌కి తెర పైపొర ప్లాస్టిక్. గోరు తగిలినా గీత భయమే. 200 రూపాయల గ్లాసు దానికి దండగకాదు. పెట్టెమీద ‘9హెచ్’ అని గొప్పగా రాస్తారు. అది పెన్సిలు గట్టిదనం కొలత, వజ్రం కొలత కాదు. ట్యూబులైటు మెరుపు కళ్ళల్లో పడకుండా మేం మ్యాట్ రకం తీసుకున్నాం. ఓఎల్ఈడీ రకం కొన్నవాళ్ళకి హెచ్చరిక. దానిమీద కంపెనీ అంటించిన పల్చటి పొర ఒకటుంటుంది. తెర పగిలితే ముక్కలు చెదరకుండా ఆపేది అదే. ప్యాకింగు కాయితం అనుకుని పీకెయ్యకండి!

ఐదోది, పెట్టెలోనే ఉచితంగా వచ్చింది. జాయ్‌కాన్‌కి తగిలించే మణికట్టు తాడు. డయాలసిస్ చివర్లో నాన్న చెయ్యి వణుకుతుంది. తాడు లేకపోతే ఈపాటికి జాయ్‌కాన్ ఎన్నిసార్లు నేలమీద పడేదో!

తెగిన రీలు

ఇక నా పాపం ఒప్పుకునే ఘట్టం. స్విచ్ లోపల స్థలం 32 జీబీ. పెద్ద ఆటలు కొన్ని ఒక్కొక్కటే పదిహేను జీబీ మింగుతాయి. మెమరీ కార్డు కావాలి. ఓ సందులో కొట్టువాడు ‘1 టీబీ’ కార్డు 600 రూపాయలకే ఇస్తానన్నాడు. మంచి కంపెనీది అంతదయితే వేలల్లో ఉంటుందని తెలిసీ కొన్నాను. కక్కుర్తి!

అలాంటి కార్డులో నిజంగా ఉండేది ఏ 32 జీబీయో. ఎక్కువుందని మిషన్‌కి అబద్ధం చెబుతుంది. నిండేదాకా బానే ఉంటుంది. నిండాక కొత్తది పాతదానిమీద రాసేస్తుంది. నాన్న ఆట ఆ కార్డులో ఉంది. ఓ బుధవారం రాత్రి నా సరదాకి రెండు పెద్ద ఆటలు దించుకున్నాను. గురువారం ఉదయం, సూదులు గుచ్చి మిషన్ తిప్పాక, నాన్న వేలితో తాకితే... ఆట తెరుచుకోలేదు. డేటా పాడయిందని తెరమీద అక్షరాలు.

నాలుగు గంటలు. నాన్న ఒక్క మాట అనలేదు. ఫ్యాను చూస్తూ పడుకున్నారు. ఇంటికొస్తూ దారిలో అన్నారు, “రీలు తెగితే హాలంతా ఈలలు, తిట్లు. తెగినందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదురా. సిమెంటు సీసా మర్చిపోయిన రోజు సిగ్గుపడ్డాను.”

నేనాయన మొహం చూడలేక కిటికీలోంచి చూశాను.

ఆ రాత్రి తెల్సిన సంగతి ఒకటి మా పరువు నిలబెట్టింది. స్విచ్‌లో ఆట కార్డుమీద ఉన్నా, మనం ఎంతవరకు ఆడామన్న లెక్క మాత్రం మిషన్ లోపలే ఉంటుంది, కార్డుమీద ఉండదు. పేరున్న కంపెనీ 128 జీబీ కార్డు, నమ్మకమైన షాపులో బిల్లుతో కొని, ముందు కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నింపి, తిరిగి చదివించి పరీక్షించాను. ఆట మళ్ళీ దించాను. నాన్న గెలిచిన పందేలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి! శనివారం ఆయన అవి చూసుకుని, “బతికించావురా” అన్నారు. ఆ మాట మామూలుగానే అన్నారు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డంపడింది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు గుర్తుంచుకోండి. 2025 జూన్ 5న విడుదలైన స్విచ్ 2కి ఈ పాత కార్డుల్లో ఆటలు పెట్టుకోవడం కుదరదు, ‘మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్’ రకమే కావాలి. తెర 7.9 అంగుళాలు, కాబట్టి పాత అద్దాలూ పౌచీలూ సరిపోవు. చార్జింగు కన్నం పైన కూడా ఒకటి పెట్టారు. మా స్టాండు గొడవ వాళ్ళకి అర్థమయినట్టుంది!

మూడే ప్రశ్నలు

ఇన్ని తిప్పలూ పడ్డాక నాన్న సంచి సూత్రం నాకు వంటబట్టింది. మీ చేతిలో ఉన్నది స్విచ్ కానివ్వండి, స్టీమ్ డెక్ కానివ్వండి, సామాను కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది లేకపోతే ఆట ఆగుతుందా? ఇది పెట్టెలో ఇప్పటికే ఉందా? దీనిమీద చిన్నక్షరాలు చదివానా? మొదటిదానికి ‘అవును’, రెండోదానికి ‘లేదు’, మూడోదానికి ‘చదివాను’ అని జవాబొస్తేనే పర్సు తియ్యండి. మిగతాదంతా సోకు. సోకు తప్పనను, చేతినిండా డబ్బుంటే చేసుకోండి. కానీ దాన్ని అవసరం అని పిలవకండి.

మా సంచిలో ఇప్పుడు స్టాండు, పవర్ బ్యాంకు, వంకర పిన్ను వైరు, ఒంటిచెవి ఇయర్‌ఫోను, తుడుచుకునే మెత్తటి గుడ్డ. (స్పిరిటూ శానిటైజరూ పూయకండి, ప్లాస్టిక్ పాడవుతుంది. కొద్దిగా తడిపిన గుడ్డ చాలు.) అంతే. సంచి కూడా కొత్తది కొనలేదు. నాన్న పాత గుడ్డసంచే.

అన్నట్టు, ఆ రెండో జాయ్‌కాన్ సంగతి చెప్పనేలేదు. పక్క మంచంమీద ఓ ఆర్టీసీ డ్రైవరుగారు, రిటైరయ్యారు. నెలరోజులు తొంగిచూసి చూసి, “ఏమండీ, అది ఇద్దరు ఆడొచ్చా?” అని అడిగారు. జాయ్‌కాన్‌కి వైరు లేదు కదా! రెండోది ఊడదీసి ఆయన చేతికిచ్చాం. రెండు మంచాల మధ్య స్టూలు, స్టూలుమీద స్టాండు. లూడో మొదలయింది. ఆయన నాన్నని తొండి అంటారు, నాన్న ఆయన్ని బ్రేకుల్లేని బస్సంటారు. నేను డబ్బుపెట్టి కొన్న వాటన్నిటికన్నా, పెట్టెలో ఉచితంగా వచ్చిన ఆ చిన్న ముక్క ఎక్కువ పనిచేసింది.

మొన్న ఓ శనివారం వెళ్ళేసరికి పక్క మంచం ఖాళీ. నాన్న ఆట పెట్టనివ్వలేదు. రెండో జాయ్‌కాన్ ఒళ్ళో పెట్టుకుని తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు. డయాలసిస్ వార్డులో ఖాళీ మంచం అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు సిస్టర్ని అడగడానికి ధైర్యం చాలలేదు. చివరికి ఆవిడే వచ్చి, “ఆయనకి వాళ్ళబ్బాయి ఆఫీసు కుదరక సాయంత్రం షిఫ్టుకి మార్పించుకున్నారండీ” అంది.

నాన్న గట్టిగా ఊపిరి వదిలారు. కాసేపాగి నావైపు తిరిగి, “ఒరేయ్, మనం కూడా మార్పించుకుందామా?” అన్నారు.

“ఎందుకు నాన్నా? పొద్దున్నే అయితే నీకు హాయి కదా?”

“ఎన్నాళ్ళురా ఈ మార్నింగ్ షోలు!” అన్నారు నాన్న. “ఇహనుంచీ ఫస్ట్ షోకి వద్దాం.”